షేక్స్పియరు మహాకవి ఇంటిపేరు

మహాకవుల నామములు విన్నంతనే వారి కావ్యములు మనస్సున మెదలును గాని, ఆ నామములలోని అక్షరములకు గల అర్థము నెవ్వరును తలపెట్టరు. విలియం షేక్స్పియరు విషయమును అట్టిదే. నాలుగు శతాబ్దులుగా లోకమంతట మారుమ్రోగుచున్న ఈ పేరు నిజమునకు ఒక సామాన్య కర్షక కుటుంబపు ఇంటిపేరు. ఇంగ్లండు దేశమున నేటికిని అది అరుదైన ఇంటిపేరులలో నొకటి. ఆ పేరునకు గౌరవము చేకూర్చవలెననియు, దానిని తన సంతతియందు నిలుపవలెననియు ఆ కవి పడిన పాటు, ఆ కోరిక విఫలమైన తీరు, అయినను ఆ పేరు చిరస్థాయి యైన విధము ఆయన జీవితమున ఒక ముఖ్యమైన కథ.

ఇంగ్లండులో ఇంటిపేరులు అతి ప్రాచీనములు కావు. 1066వ సంవత్సరమున నార్మనులు ఆ దేశమును జయించిన పిమ్మట, మొదట ప్రభువుల కుటుంబములలోను, తరువాత పదుమూడు, పదునాలుగు శతాబ్దులలో సామాన్య ప్రజలలోను అవి వాడుకలోనికి వచ్చెను. అవి నాలుగు విధములు. కొన్ని ఊరి పేరును బట్టి, కొన్ని తండ్రి పేరును బట్టి, కొన్ని చేయు వృత్తిని బట్టి, మరికొన్ని ఇరుగుపొరుగువారు పెట్టిన ఎగతాళి పేరును బట్టి ఏర్పడినవి. కమ్మరి యను అర్థము గల స్మిత్ అను పేరు వృత్తి నామము. ప్రతి గ్రామమునను కమ్మరి యుండుటచేత అది వేలకొలది కుటుంబములకు వేరువేరుగా సంక్రమించి, ఆ దేశమున అన్నిటికంటె విస్తారమైన ఇంటిపేరయ్యెను. షేక్స్పియరు అనునది నాలుగవ జాతికి చెందినది.

ఆంగ్లమున షేక్ అనగా ఆడించుట, ఝళిపించుట. స్పియర్ అనగా బల్లెము. కావున బల్లెమును ఝళిపించువాడని ఆ పేరునకు అర్థము. బల్లెము పట్టిన భటునికో, అయినదానికిని కానిదానికిని కలహమునకు సిద్ధపడు దుడుకువానికో ఊరివారు ఈ పేరు పెట్టియుందురు. ఇట్టి కూర్పు గల ఇంటిపేరులు ఆ దేశమున మరికొన్ని కలవు. కఱ్ఱనాడించువాడను అర్థము గల వాగ్‌స్టాఫ్ అట్టిది. బల్లెమును విరుచువాడను అర్థము గల బ్రేక్‌స్పియర్ కూడ అట్టిదే. 1154వ సంవత్సరమున నాలుగవ ఏడ్రియన్ అను పేరుతో పోపు పీఠము నధిష్ఠించిన ఏకైక ఆంగ్లేయుడు నికొలస్ బ్రేక్‌స్పియర్ ఈ ఇంటిపేరువాడే. కమ్మరివాని వలె బల్లెమును ఝళిపించువాడు ఊరూర నుండడు. ఎగతాళి పేరు ఏ ఒకటి రెండు చోట్లనో పుట్టి, ఆ కుటుంబముతోనే వ్యాపించును. షేక్స్పియరు అను పేరు అరుదగుటకు కారణమిదియే.

ఈ పేరునకు దొరకిన తొలి ఆధారము గౌరవప్రదమైనది కాదు. 1248వ సంవత్సరమున గ్లాస్టర్‌షైరు మండలములోని క్లాప్టన్ గ్రామమునకు చెందిన విలియం సాక్స్పియర్ అనునతడు దొంగతనము చేసిన నేరమునకు ఉరితీయబడెను. మహాకవి జన్మస్థానమైన స్ట్రాట్‌ఫర్డునకు ఆ గ్రామము కొలది మైళ్ళ దూరముననే యున్నది. పిమ్మట రెండువందల సంవత్సరములకు పైగా గడచినను ఆ పేరునకు మర్యాద కలుగలేదు. 1487వ సంవత్సరమున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములోని మెర్టన్ కళాశాలకు చెందిన హ్యూ షేక్స్పియర్ అను పండితుడు తన ఇంటిపేరును సాండర్స్ అని మార్చుకొనెను. ఆ పేరు నీచముగా నెంచబడుచుండుటయే అందులకు హేతువని కళాశాల దస్తరములో వ్రాయబడినది. విద్యావంతుడొకడు లోకులకు వెఱచి విడిచిన పేరునే, నూరేండ్ల పిదప గ్రామీణ యువకుడొకడు లండను నగరమునకు తీసికొనిపోయెను.

పదునైదవ శతాబ్ది నాటికి ఈ ఇంటిపేరువారు వారిక్‌షైరు మండలమున, ఒకప్పటి ఆర్డెన్ అరణ్యప్రాంతములోని పల్లెలలో స్థిరపడియుండిరి. రోయింగ్టన్, రాక్సల్, బాల్సల్ గ్రామముల షేక్స్పియరుల పేరులు నోల్ అను చోటి ధార్మిక సంఘపు పట్టికలో కానవచ్చుచున్నవి. మహాకవి తాత రిచర్డు షేక్స్పియరు స్నిటర్‌ఫీల్డు గ్రామమున కౌలురైతు. ఆయన సాగుచేసిన భూమి రాబర్టు ఆర్డెన్ అను సంపన్న గృహస్థునిది. రిచర్డు కుమారుడైన జాను వ్యవసాయమును విడిచి, నాలుగు మైళ్ళ దూరములోనున్న స్ట్రాట్‌ఫర్డు పట్టణమునకు వచ్చి, తోళ్ళు పదను చేయుట, చేతితొడుగులు కుట్టుట వృత్తిగా గైకొనెను. తన తండ్రికి భూస్వామియైన ఆర్డెన్ గారి కుమార్తె మేరీనే అతడు పెండ్లాడెను. కౌలుదారుని కొడుకు భూస్వామి కూతురిని వివాహమాడుట ఆ కుటుంబము పైకి వచ్చుచుండెననుటకు నిదర్శనము.

జాను షేక్స్పియరు పట్టణ వ్యవహారములలో క్రమముగా ఎదిగి, 1568లో పురపాలక సభకు అధ్యక్షుడయ్యెను. అతనికి ఎనిమండుగురు సంతానము. తొలి యిరువురు ఆడుబిడ్డలు పసితనముననే మరణించిరి. మూడవ బిడ్డ విలియం. ఆ శిశువునకు 1564 ఏప్రిల్ 26వ తేదీన బారసాల జరిగినట్లు చర్చి పుస్తకములో నమోదైనది. ఆ వేసవిలోనే స్ట్రాట్‌ఫర్డులో మహామారి చెలరేగి జనులనేకులు మడిసిరి. పసివాడు బ్రతికెను. అతని తరువాత గిల్బర్టు, జోన్, ఆన్, రిచర్డు, ఎడ్మండు పుట్టిరి. వీరిలో ఆన్ ఎనిమిదవ ఏటనే చనిపోయెను.

విలియం పండ్రెండేండ్ల బాలుడై యున్నప్పుడు తండ్రి దశ తిరిగెను. జాను పురపాలక సభలకు పోవుట మానెను. అప్పులు పెరిగి, భార్య తెచ్చిన భూమిని తాకట్టు పెట్టెను. కులీన గృహస్థుడుగా గుర్తింపు పొంది వంశచిహ్నమును ధరింపవలెనని అతడు పూర్వము చేసిన యత్నము కూడ నెరవేరక నిలిచిపోయెను. తండ్రి తలదించుకొని తిరుగుటను చూచిన కుమారుని మనస్సున ఆ చిహ్నముపై ఆశ నాటుకొనెనని తరువాతి చరిత్రను బట్టి ఊహింపవచ్చును.

పదునెనిమిదవ ఏట విలియం తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదగు ఆన్ హాతవేను వివాహమాడెను. 1582 నవంబరు 27, 28 తేదీలలో వూస్టర్ బిషప్పు కార్యాలయమున ఆ వివాహమును గూర్చి వ్రాయబడిన రెండు పత్రములు నిలిచియున్నవి. ఒకదానిలో వరుని పేరు షాక్స్పెర్ అనియు, మరునాటి దానిలో షాగ్స్పెర్ అనియు ఉన్నది. ఆ కాలమున ఆంగ్లమునకు స్థిరమైన వర్ణక్రమము లేదు. వ్రాసగాని చెవికి వినబడినట్లు పేరు వ్రాయబడుచుండెను. ఆ కుటుంబపు పేరు నానా రూపములలో వ్రాయబడినది. కవి స్వహస్తముతో చేసినవిగా నిర్ధారణయైన సంతకములు ఆరు మిగిలియుండగా, వానిలో ఒక్కటియు నేడు ముద్రణలో వాడుచున్న రూపమున లేదు.

ఆ దంపతులకు 1583లో సుసన్నాయు, 1585లో కవలలైన హామ్నెట్, జూడిత్‌లును జన్మించిరి. ఇంటికి ఏకైక పుత్రుడు హామ్నెట్. భార్యాబిడ్డలను స్ట్రాట్‌ఫర్డులో నుంచి విలియం లండను చేరి, నాటక సమాజములలో నటుడుగను, రచయితగను పేరు సంపాదింపసాగెను. ఆ నగరమున ఆయన కెదురైన తొలి విమర్శ కూడ ఇంటిపేరు మీదనే వచ్చెను. 1592లో మరణించిన రాబర్టు గ్రీన్ అను రచయిత పేరుతో వెలువడిన చిన్న పుస్తకములో, పట్టాలు లేని ఈ క్రొత్త నటుడు విద్వత్కవుల ఈకలు ధరించి మిడిసిపడుచున్నాడని నింద కలదు. అందు బల్లెము అను మాటను తీసి రంగము అను మాటను చేర్చి, రంగస్థలమును ఊపువాడని ఆయన పేరును వెక్కిరించిరి.

ఆ పరిహాసమునకు ఆయన వాదముతో ప్రత్యుత్తర మీయలేదు. మరుసటి సంవత్సరమున, అనగా 1593లో, వీనస్ అండ్ అడోనిస్ అను కావ్యమును ప్రకటించెను. దానిని ముద్రించిన రిచర్డు ఫీల్డు కూడ స్ట్రాట్‌ఫర్డువాడే. అందలి అంకిత పత్రము క్రింద కవి పేరు విలియం షేక్స్పియర్ అని స్ఫుటముగా అచ్చయ్యెను. ఆ పేరు అచ్చులో వెలువడుట అదియే ప్రథమము. ఆ కావ్యము పలుమారులు పునర్ముద్రణ పొందెను. 1598 నుండి ఆయన నాటకముల ముఖపత్రముల మీద కూడ ఆ పేరు కనబడసాగెను. పేరును చూచి జనులు పుస్తకమును కొను దశ వచ్చెను.

ధనము చేకూరినంతనే ఆయన దృష్టి తండ్రి నెరవేర్చుకొనలేని కోరికపై ప్రసరించెను. కాని విధి మరియొక దిక్కుగా నడచెను. 1596 ఆగస్టు 11వ తేదీన పదునొకండేండ్ల హామ్నెట్ స్ట్రాట్‌ఫర్డులో ఖననము చేయబడెను. సరిగా పది వారములకు, అక్టోబరు 20వ తేదీన, లండనులోని వంశచిహ్నాధికారులు జాను షేక్స్పియరునకు చిహ్నమును మంజూరు చేసిరి. బంగారు వన్నె డాలు, దానిపై ఏటవాలుగా నల్లని పట్టె, ఆ పట్టెపై వెండి మొన గల బంగారు బల్లెము, పైన ఱెక్కలు చాచి బల్లెమును పట్టిన డేగ దాని స్వరూపము. ఒకప్పుడు ఎగతాళి పేరుగా పుట్టిన మాట ఇప్పుడు గౌరవచిహ్నమున చిత్రరూపము దాల్చెను. అయితే ఆ చిహ్నము తరతరములుగా సంతతికి సంక్రమింపవలసినది. దానిని తన తరువాత ధరింపవలసిన కుమారుడు అప్పటికే సమాధిలో నుండెను.

ఆ గౌరవము సయితము నిరాటంకముగా దక్కలేదు. 1602లో రాల్ఫ్ బ్రూక్ అను అధికారి, తన పై అధికారులు అనర్హులకు చిహ్నములు పంచిపెట్టుచున్నారని ఫిర్యాదు చేసి, ఆ అనర్హుల జాబితాలో నటుడైన షేక్స్పియరును చేర్చెను. జాను పట్టణాధ్యక్షుడుగా పనిచేసెననియు, ఆర్డెన్ కుటుంబపు బిడ్డను పెండ్లాడెననియు అధికారులు సమాధానము చెప్పిరి. చిహ్నము నిలిచెను. అప్పటికి జాను మరణించియుండెను. తండ్రి తన చివరి ఐదేండ్లు కులీన గృహస్థుడుగా జీవించుటయే కుమారునకు మిగిలిన తృప్తి.

1597లో కవి స్ట్రాట్‌ఫర్డులో న్యూ ప్లేస్ అను విశాల భవనమును కొనెను. ఆ పట్టణములో అది రెండవ పెద్ద గృహమని ప్రసిద్ధి. తరువాత భూములు కొనెను. ఇవన్నియు ఒక వంశమును ప్రతిష్ఠింప దలచినవాని కార్యములే. కాని ఒక్కొక్క దీపమే ఆరిపోవుచు వచ్చెను. కడగొట్టు తమ్ముడైన ఎడ్మండు కూడ అన్నవలె లండనులో నటుడయ్యెను. 1607 ఆగస్టులో అతని పసికందును, డిసెంబరు 31వ తేదీన ఇరువదియేడేండ్ల అతనిని ఆ నగరముననే పూడ్చిరి. గిల్బర్టు 1612లోను, రిచర్డు 1613లోను సంతానము లేకయే గతించిరి. నలుగురు అన్నదమ్ములలో విలియం ఒక్కడే మిగిలెను.

1616 మార్చి 25వ తేదీన ఆయన మరణశాసనమును సిద్ధపరచెను. ఆ పత్రమును చదివినవారికి కవి కనబడడు, వంశమును గూర్చి కలతపడు గృహస్థు కనబడును. ఆస్తిలో అధికభాగమును పెద్దకుమార్తె సుసన్నాకు వ్రాసి, ఆమె తరువాత అది ఆమెకు పుట్టబోవు మొదటి కుమారునకు, అతడు లేనిచో రెండవవానికి, ఇట్లు వరుసగా ఏడవ కుమారుని వరకు చెందవలెనని విధించెను. వారెవ్వరును లేనిచో మనుమరాలు ఎలిజబెత్ కుమారులకు, ఆ పిమ్మట జూడిత్ కుమారులకు చెందవలెను. అప్పటికి ఈ కుమారులలో ఒక్కడైనను పుట్టియుండలేదు. ఏప్రిల్ 23వ తేదీన కవి కన్నుమూసెను. ఆయనతో జాను షేక్స్పియరు సంతతిలో ఆ ఇంటిపేరు ధరించిన చివరి పురుషుడు గతించెను.

జూడిత్ అంతకు రెండు నెలలకు పూర్వమే థామస్ క్వైనీని వివాహమాడియుండెను. ఆ సంవత్సరము నవంబరులో ఆమెకు కుమారుడు కలిగెను. తండ్రి పేరు నెట్లైన నిలుపవలెనని ఆమె ఆ బిడ్డకు షేక్స్పియర్ అని నామకరణము చేయించెను. ఇంటిపేరుగా అంతరించినది ముద్దుపేరుగానైన మిగులునని ఆ తల్లి యాశ. ఆరు మాసములు నిండకమునుపే ఆ శిశువు మరణించెను. ఆమె తక్కిన కుమారులిరువురు 1639లో యౌవనముననే కాలధర్మము చెందిరి. సుసన్నాకు ఎలిజబెత్ తప్ప వేరు సంతానము లేదు. ఎలిజబెత్ రెండు పర్యాయములు వివాహమాడియు సంతానము లేక 1670లో మరణించెను. ఏడుగురు మనుమలను ఊహించి వ్రాయబడిన శాసనము ఏబదినాలుగేండ్లలో నిష్ప్రయోజనమయ్యెను.

అయితే 1623వ సంవత్సరమున జరిగిన రెండు విషయములు గమనింపదగినవి. ఆ ఆగస్టులో కవిభార్య ఆన్ పరమపదించెను. కూతుండ్రు అత్తవారి పేరులు స్వీకరించుటచే ఆ ఇంట షేక్స్పియరు అను పేరు ధరించి మిగిలినది ఆమె యొక్కతియే. ఆమెతో ఆ పేరు ఆ గృహమునుండి నిష్క్రమించెను. ఆ సంవత్సరాంతముననే, ఆయన సహనటులైన జాన్ హెమింజస్, హెన్రీ కాండెల్ గారలు ముప్పదియారు నాటకములను ఒక్క సంపుటముగా ప్రకటించిరి. వానిలో పదునెనిమిది అంతకుమునుపు అచ్చు కానివి. మాక్బెత్, జూలియస్ సీజర్, టెంపెస్ట్ వానిలోనివే. ఆ సంపుటము రానిచో అవి నశించియుండెడివి. ఆ సంపుటము ముఖపత్రముపై ముద్రితమైన వర్ణక్రమమే కాలక్రమమున లోకమునకు ప్రమాణమయ్యెను. ఇంటిలో ఆరిన పేరు గ్రంథమున వెలిగెను.

కవి రక్తసంబంధము మాత్రము పూర్తిగా తెగిపోలేదు. చెల్లెలు జోన్ ఒక టోపీల పనివానిని, విలియం హార్ట్ అనువానిని పెండ్లాడెను. భర్త అన్నకంటె వారము రోజులు ముందుగా చనిపోగా, ఆ వితంతువునకు పుట్టినింటిలో జీవితాంతము వసించు హక్కును అన్న తన శాసనమున వ్రాసియుంచెను. నామమాత్రపు అద్దెగా ఏడాదికి పండ్రెండు పెన్నీలు నిర్ణయించెను. ఆమె వంశీయులు హార్ట్ అను ఇంటిపేరుతో తరతరములుగా కొనసాగిరి. కవి జన్మగృహము 1806 వరకు వారి అధీనముననే యుండెను. 1847లో ప్రజలు చందాలు పోగుచేసి ఆ గృహమును కొని జాతికి అంకితము చేసిరి. ఆయన వంశమునకై కొనిన న్యూ ప్లేస్ మాత్రము 1759లో నేలమట్టమయ్యెను.

మరి నేడు షేక్స్పియరు అను ఇంటిపేరు ధరించిన వారెవ్వరు? వారు కవి సంతతివారు కారు, కాజాలరు. వారిక్‌షైరు పల్లెలలో ఆ పేరుతోనున్న ఇతర శాఖల వారసులు వారు. ఆ పేరు నేటికిని తన పుట్టుకచోటును విడువకపోవుట విశేషము. వారిక్‌షైరు, స్టాఫర్డ్‌షైరు, వూస్టర్‌షైరు మండలములును, వాని నడుమనున్న బర్మింగ్‌హాం, డడ్లీ మున్నగు పట్టణములును కలిసిన పడమటి మధ్యదేశముననే ఆ ఇంటిపేరు హెచ్చుగా కానవచ్చును. పదునెనిమిది, పందొమ్మిది శతాబ్దులలో బొగ్గుగనులు, ఇనుపకొలుములు వెలసినప్పుడు పల్లెవారు పొలములు విడిచి ఆ పట్టణములు చేరిరి. పేరు కొలది మైళ్ళు మాత్రము కదలెను. 1963లో బర్మింగ్‌హాంలో పుట్టి, ఫుట్‌బాల్ క్రీడాకారుడుగను, 2017లో లెస్టర్ సిటీ జట్టు నిర్వాహకుడుగను పేరొంది, 2024లో మరణించిన క్రెయిగ్ షేక్స్పియర్ ఈ ప్రాంతపు బిడ్డయే. సముద్రములు దాటిన శాఖలు అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో కలవు. జమైకా ద్వీపమున కూడ ఆ పేరు కలదు. 1953 నుండి 2021 వరకు జీవించిన ప్రఖ్యాత వాద్యకారుడు రాబీ షేక్స్పియర్ ఆ ద్వీపమువాడు.

తెలుగునాటికి ఈ పేరు మనుష్యులతో రాలేదు, పుస్తకములతో వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున వావిలాల వాసుదేవశాస్త్రి గారు జూలియస్ సీజరు నాటకమును సీజరు చరిత్రముగాను, కందుకూరి వీరేశలింగం గారు కామెడీ ఆఫ్ ఎర్రర్స్ నాటకమును చమత్కార రత్నావళిగాను తెలుగు చేసిరి. ఊరి పేరును ఇంటిపేరుగా ధరించిన పంతులుగారు, ఎగతాళి పేరును ఇంటిపేరుగా ధరించిన కవిని తెనుగు పాఠకులకు పరిచయము చేసిరి. మన అచ్చు పుస్తకములలోను ఆ పేరు ఒక్క తీరున లేదు. షేక్స్పియరు, షేక్స్పియర్, షేక్స్‌పియర్ అని పలు విధములుగ వ్రాయుచున్నాము. తన పేరును తానే ఆరు చోట్ల పలు తీరుల వ్రాసిన కవికి ఇందు అభ్యంతర ముండదు.

ఉరికంబ మెక్కిన దొంగతో చరిత్రలో ప్రవేశించిన పేరది. పండితుడొకడు సిగ్గుపడి వదలిన పేరది. అధికారులిచ్చిన డాలు గాని, కొనిన భవనము గాని, ఏడు తరగతులుగా కూర్చిన శాసనము గాని దానిని నిలుపలేకపోయెను. చేతితొడుగులు కుట్టువాని కుమారుడు కలము పట్టి చేసిన పని దానిని నిలిపెను. ఇంటిపేరు మనుష్యునకు పుట్టుకతో వచ్చును. దానికి విలువ మాత్రము ఆ మనుష్యుడు చేసిన పనివలననే వచ్చును.